నమకంలో సమాసాలు

కార్తీక మాసంలో ఏ శివాలయానికి వెళ్లినా నమకం వినబడుతుంది కదా. మీలో చాలామందికి కంఠతా వచ్చే ఉంటుంది. అయిదో అనువాకం ఒకసారి మనసులో చెప్పుకోండి. నీలగ్రీవుడు, శితికంఠుడు పక్కపక్కనే వస్తారు. నల్లని మెడ గలవాడు, తెల్లని కంఠం గలవాడు. రెండూ శివుడి పేర్లే. శితి అంటే తెలుపనీ నలుపనీ కూడా అమరకోశం చెబుతుంది. పక్కనే నీలం ఉంది కాబట్టి ఇక్కడ తెలుపే అందమని నా మనసు చెబుతుంది.

రెండూ బహువ్రీహి సమాసాలే. ఇప్పుడు పలికే తీరు గమనించండి. నీలగ్రీవాయ అన్నప్పుడు 'ల' దగ్గర గొంతు లేస్తుంది. శితికంఠాయ అన్నప్పుడు 'తి' దగ్గర దిగి 'ఠా' దగ్గర లేస్తుంది. లేచే చోటు స్వరితం, దాని ముందున్నది ఉదాత్తం. అంటే ఉదాత్తం అక్కడ 'నీ' మీద, ఇక్కడ 'కం' మీద ఉందన్నమాట. ఒకే జాతి సమాసాలకు ఈ తేడా ఎందుకొచ్చింది? బహువ్రీహిలో పూర్వపదం తన స్వరాన్ని నిలుపుకుంటుందని పాణిని నియమం. నీలగ్రీవ ఆ దారినే నడిచింది. శితి శబ్దానికి మాత్రం ఆయన విడిగా ఒక సూత్రం పెట్టాడు. దాని వెనక కంఠం వంటి చిన్న మాట వస్తే ఆ రెండో మాట స్వరమే నిలుస్తుంది. ఆ సూత్రం పేరైనా వినని చిన్న వటువు, గురువుగారి దగ్గర సంత చెప్పుకుంటూ, ఈ తేడాను పొల్లుపోకుండా పలుకుతాడు. తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది నాకు.

స్వరం తప్పితే ఏమవుతుందో చెప్పే త్వష్ట కథ, తైత్తిరీయ సంహితలోనిది, మీకు తెలిసిందే. కొడుకును చంపిన ఇంద్రుడి మీద పగతో హోమం చేశాడు. 'ఇంద్రశత్రు' అన్న మాటలో ఉదాత్తం చివర ఉంటే తత్పురుషం, ఇంద్రుణ్ణి చంపేవాడు. మొదట ఉంటే బహువ్రీహి, ఇంద్రుడే చంపేవాడుగా గలవాడు. త్వష్ట నోట రెండోది వచ్చింది, ఆ హోమంలో పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలో పోయాడు. వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ పతంజలి మహాభాష్యం మొదట్లోనే ఈ మాటను ఎత్తుకున్నాడు.

వేదపండితులు అర్థం తెలియకుండా వల్లిస్తారని కొందరు తేలిగ్గా అనేస్తారు. ఆ మాట నాకు కష్టంగా ఉంటుంది. పదపాఠం వినండి. సమాసం రాగానే 'నీలగ్రీవాయేతి నీల గ్రీవాయ' అని ముందు కలిపి, తర్వాత విడదీసి చెబుతారు. మాట ఎక్కడ అతికిందో పాఠమే చూపిస్తోంది. ఘనపాఠంలో మూడు పదాలను ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్లీ ఒకటి రెండు మూడు అంటూ మొత్తం 13 పదాలుగా తిప్పుతారు. అలా ముందుకూ వెనక్కూ పలికినప్పుడల్లా సంధీ స్వరమూ మారుతుంటాయి. వాటిని తడుముకోకుండా చెప్పే ఘనాపాఠికి అర్థం వివరించే అలవాటు లేకపోవచ్చు, కానీ అర్థానికి ఆధారమైనదంతా ఆయన నోట్లోనే ఉంది.

అందుకే స్వరాల గుర్తులు లేకుండా అచ్చువేసిన నమకం పుస్తకాలు కొనవద్దని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను. గుర్తులున్న పుస్తకం మీ ఇంట్లో ఉంటే నమకం వెంటే వచ్చే చమకంలో ఆరో అనువాకం తీసి బృహస్పతి ఎక్కడున్నాడో వెతకండి. 'హ' కింద అడ్డగీత, 'తి' మీద నిలువుగీత కనిపిస్తాయి. మామూలుగా మాటకు ఒక్క ఉదాత్తమే. ఈ సమాసంలో మాత్రం 'బృ' మీద ఒకటి, 'స్ప' మీద ఒకటి, రెండు ఉదాత్తాలు.