పోర్ట్‌లాండు వీథులలోని రంగుముగ్గులు

మా యమ్మాయి పురుటి నిమిత్తమై నేను అమెరికా దేశమునకు పోయి, చైత్రమాసము మొదలు ఆఱు మాసములు పోర్ట్‌లాండు నగరమున నుండి వచ్చితిని. ఆ నగరము ఓరిగాన్ రాష్ట్రమున విల్లామెట్ నదికి రెండు దరులయందును వ్యాపించియున్నది. ఆకాశము నిర్మలముగా నున్ననాడు తూర్పుదిక్కున హుడ్ పర్వతము తెల్లని మంచుతో కానవచ్చును. ఆకురాలు కాలము మొదలు వసంతము వఱకు వానలు. వేసవిలో నెచ్చట జూచినను గులాబీలు. ఇవియన్నియు చూచి సంతసించితిని గాని, నే నిప్పుడు చెప్పదలచినది వీనిని గూర్చి కాదు; అచ్చటి వీథికూడళ్లలో వేయు రంగుముగ్గులను గూర్చి.

మా యమ్మాయి ఆ యింట కాపురము పెట్టి రెండేండ్లయినది. ప్రక్కయింటివారి పేరేమని యడిగితిని. "తెలియదమ్మా! ఇక్కడ ఎవరి తలుపు వారిదే" యనెను. నాకు దిగులు పుట్టినది. నేను తిరిగి వచ్చిన పిమ్మట, అల్లుడు ఊరలేని వేళ, పసికందుకు అర్ధరాత్రమున నేదైన నలత కలిగినచో ఇది యెవరి తలుపు తట్టును? ఆ చింత నన్ను విడువలేదు.

ఒకనాటి సాయంకాలము మా యల్లుడు మమ్ము కారులో సెల్‌వుడ్ అను పేటకు తీసికొనిపోయెను. అచ్చట షెరెట్ వీథియు తొమ్మిదవ వీథియు కలియుచోట, తారురోడ్డు మీద కూడలి నిండ నొక పెద్ద రంగుల చిత్రము వేసియున్నది. మన వాకిటి ముగ్గే పెరిగి పెరిగి నడివీథికి వచ్చినట్లు నాకు తోచినది. ఆ కూడలి మూలల యందు దారిని పోవువారు త్రాగుటకు తేనీటి యరుగు, పుస్తకములు పుచ్చుకొనుటకును పెట్టుటకును ఒక చిన్న బీరువా, పిల్లల యాటవస్తువులకు ఒక తావు ఏర్పాటు చేసియుంచుట అచ్చటి వాడుక యని మా యల్లుడు చెప్పెను.

ఈ పని 1996వ సంవత్సరమున మొదలయ్యెను. మార్క్ లేక్‌మన్ అను వాస్తుశిల్పి దేశములు తిరిగి, మెక్సికో అడవులలోని మాయాజాతివారి పల్లెను చూచి, స్వస్థలమునకు మరలివచ్చెను. తన నగరములో వీథులు గళ్లు గీచినట్లున్నవి గాని, నలుగురును కూర్చుండుటకు మన రచ్చబండ వంటి చోటు లేదని యాతనికి తోచినది. ఇరుగుపొరుగువారు కూడి ఆ కూడలికి రంగులు వేసి, దానికి "షేర్-ఇట్ స్క్వేర్" అని పేరు పెట్టిరి; పంచుకొను చావడి యని మనము చెప్పుకొనవచ్చును. రహదారిపై నిట్లు చేయరాదని నగరాధికారులు మొదట నడ్డు చెప్పిరి. కాని వీథివారు వెనుదీయలేదు. బండ్ల వేగము తగ్గినదనియు, పొరుగువారికి పరిచయములు కలిగినవనియు తమవారి యభిప్రాయములు సేకరించి చూపిరి. తుదకు నగరసభయే అనుమతి నిచ్చు పద్ధతి నేర్పరచెను. పిమ్మట "సిటీ రిపేర్" అను సంఘము ఏటేట పలు పేటలలో నీ పనికి తోడ్పడుచున్నది.

2001లో సన్నీసైడ్ అను పేటవారు తమ కూడలిలో పెద్ద ప్రొద్దుతిరుగుడు పువ్వును వేసిరి. దానిని గూర్చి 2003లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఆ చిత్రమునకు దగ్గఱ కాపురమున్నవారిలో నూటికి 65 మంది తమ పేట నివసించుటకు మిక్కిలి మంచిదనిరి. చిత్రము లేని సమీపపు కూడలివారిలో అట్లనినవారు 35 మందియే.

మేము తిరిగి వచ్చిన కొలది దినములకు ఒక వృద్ధురాలు కాగితము చేతబట్టుకొని మా గుమ్మమెక్కినది. మా వీథి చివర కూడలిలోని పాత చిత్రము మాసినది. దానిని మఱల వేయుటకు అందఱి సంతకములును కావలెనట. అప్పుడే యీ పనిలోని క్రమము నాకు తెలిసినది. బండ్ల రద్దీ గల పెద్ద రహదారులపై దీనికి అనుమతి లేదు. చిన్న వీథులలోనే వేయవలెను. కూడలిని ఆనుకొనియున్న యిండ్లవారు సమ్మతింపవలెను. బొమ్మలో అక్షరములును, వ్యాపార ప్రకటనలును, రహదారి గుర్తులను పోలినవియు నుండరాదు. కాలు జాఱకుండ రంగులో సన్నని గరుకుపొడి కలుపవలెను. వాన లేని దినములు చూచి, ముందుగా వీథిని ఊడ్చి, కడిగి, ఆరనిచ్చి, సుద్దతో గీతలు గీచుకొనవలెను. ఇందులో మనకు క్రొత్త యేమున్నది? ఊడ్చి, కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టి, పిదప గదా మనము ముగ్గు కలుపుదుము!

ఆషాఢమాసమున నొక యాదివారము బండ్లను ప్రక్కదారికి మళ్లించి పని మొదలుపెట్టిరి. పిల్లలు నడిమి భాగమును, పెద్దవారు అంచులను నింపిరి. మా యమ్మాయి బిడ్డ నెత్తుకొని దూరముగా నిలిచియుండెను. ఆ వృద్ధురాలు వచ్చి, బిడ్డను తానందుకొని, కుంచె దాని చేతికిచ్చినది. అది యొక ఆకు నింపుటకు గంట పట్టినది. ఆ గంటలో ప్రక్కయింటావిడ ఆసుపత్రిలో దాదియనియు, ఎదురింటివారికి కవలపిల్లలనియు తెలిసినది. రెండేండ్లలో తెలియనిది ఒక్క గంటలో తెలిసినది. నేను ఒడలి నొప్పులు మఱచి, వీథి యంచున నాలుగు తామరపూలు వేసితిని.

కాలినడకవారు దాటు జీబ్రా గీతల నడుమ కూడ కొన్ని నగరములలో నిట్లే రంగులు వేయుచున్నారు. అట్టిచోట తెల్లని గీతలు స్పష్టముగా కనబడునట్లు విడువవలెను; మామూలు రంగునకు బదులు కరగించి యంటించు పూతను వాడినచో వ్యయ మెక్కువైనను చాలకాలము నిలుచును. రంగులు బండి నడుపువారి చూపును చెదరగొట్టునని యాక్షేపించువారును గలరు. 2025లో ఫ్లోరిడా రాష్ట్రములో నిట్టివి కొన్ని ప్రభుత్వమువారే తుడిపించిరి. జనులు మిక్కిలి నొచ్చుకొనిరి. కాని బ్లూంబర్గ్ ధర్మసంస్థవారు 2022లో ప్రకటించిన పరిశీలనలో, 17 చోట్ల చిత్రములు వేసిన పిదప పాదచారులకును సైకిళ్లవారికిని తగులు ప్రమాదములు నూటికి 50 వంతులు తగ్గినట్లు తేలినది. చోట్లు కొలదియే యగుటచే దీనినే తుదిమాట యనరాదు. ఆక్షేపణను త్రోసిపుచ్చుటయు తగదు. బుద్ధిమంతులు రెండును విని, తావెఱిగి వేయుదురు.

మఱియొక పేటలో పూర్తిగా వెలసిపోయిన చిత్రము నొకదానిని చూచితిని. వేసినవారు ఇండ్లు మారి వెళ్లిరట. క్రొత్తవారిని పిలిచినవారు లేరు. రంగు చెడలేదు, ఇరుగుపొరుగు చెడినదనిపించినది. కావున వేయునాడే మఱుసటి యేడు ఎవరు వేయుదురు, రంగునకు సొమ్మెట్లు వచ్చును, పిలుపు బాధ్యత యెవరిది యని నిర్ణయించుకొనవలెను. ముగ్గు చెరిగినదని యే యిల్లాలును విచారింపదు గదా! తెల్లవాఱి మఱల వేయును. చెరిగిపోవుటచేతనే వాకిలి దినదినము శుభ్రపడుచున్నది. ఆ వీథులకును అట్లే. రంగు మాసినప్పుడెల్ల నలుగురును మఱల కలిసికొనవలసి వచ్చుచున్నది.

నేను బయలుదేరునాడు ప్రక్కయింటావిడ తన టెలిఫోను సంఖ్య కాగితముపై వ్రాసి మా వంటయింటి గోడకు తానే యంటించినది. నా మనసు కుదుటపడినది. మొన్న మా యమ్మాయి ఫోనులో మాటలాడుచు, శీతకాలపు వానలకు తామరపూలు మాసినవని చెప్పెను. వృద్ధురాలికి మోకాళ్ల నొప్పియట. ఈ యేడు సంతకముల కాగితము తీసికొని ఇంటింటికి తిరుగుచున్నది మా యమ్మాయియే.