రొడ్డ చెయ్యి, కుడి కన్ను

మా అక్కావాళ్ళది వడమాలపేట. మేనకోడలికి షటిల్ పిచ్చి. అన్నం తప్ప అన్నీ ఎడంచేత్తోనే చేస్తుంది (అన్నం సంగతి మా అమ్మ దాని చిన్నప్పుడే చూసుకుంది లెండి). మొన్న అక్క ఫోన్ చేసి, "ఒరే, పాపని కుడిచేత్తో ఆడించమన్నాడు సారు. దాని కన్ను కుడిదంట, చెయ్యి కూడా కుడిదే ఉండాలంట" అనింది.

సారు ఏదో వీడియో చూసి పరీక్ష పెట్టాడట. మీరూ చేసి చూడండి. రెండు చేతులూ ముందుకు చాచి, మధ్యలో చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న స్తంభాన్ని చూడాలి. తర్వాత ఒక్కో కన్నే మూయాలి. ఏది మూస్తే స్తంభం మాయమవుతుందో అదే మీ పెత్తనం కన్ను. సుమారు మూడింట రెండొంతుల మందికి కుడికన్నే వస్తుంది. ఎడంచేతి వాళ్ళేమో పదిమందిలో ఒకరు. అంటే చెయ్యొకటి, కన్నొకటి అయినవాళ్ళు బోలెడుమంది. అదేం లోపం కాదు.

తుపాకీ గురి పెట్టేవాడికి ఈ లెక్క కావాలి, ఒక కంటితోనే చూస్తాడు కాబట్టి. షటిల్లో రెండు కళ్ళూ తెరిచే ఉంటాయి, తల కదులుతూనే ఉంటుంది. కాక్ ఎంత దూరంలో ఉందో రెండు కళ్ళూ కలిస్తేనే బాగా తెలుస్తుంది. పెత్తనం కన్ను ఏదైతే ఆట బాగుపడుతుందో ఇంతవరకూ ఎవరూ గట్టిగా తేల్చలేదు. ఆ మాత్రం దానికి పిల్ల చెయ్యి మారుస్తారా? ఎడంచేతివాళ్ళ కోసం కంప్యూటర్లో మౌస్ బటన్లే మారుస్తాం! చెయ్యి మార్చొద్దని అక్కకి గట్టిగానే చెప్పాను. నాకైతే ఇది పాత చాదస్తమే, సైన్సు చొక్కా తొడుక్కుని వచ్చింది.

2011 ప్రపంచ పోటీల్లో అశ్వినీ పొన్నప్పతో కలిసి కాంస్యం తెచ్చిన మన గుత్తా జ్వాలది ఎడంచెయ్యే. 2016 రియో ఫైనల్లో సింధుని ఓడించిన కరోలినా మారిన్‌దీ అంతే. ఎడంచేతికి మహిమ ఏమీ లేదు. రోజూ కుడిచేతివాళ్ళతోనే ఆడేవాడికి ఎడంచేతి స్మాష్ అలవాటులేని వైపునుంచి వస్తుంది. పైగా కాక్‌లో 16 ఈకలూ ఒకే వరుసలో ఒకదానిమీదొకటి ఒరిగి ఉంటాయి, అందుకే అది ఎప్పుడూ ఒకేవైపు తిరుగుతుంది. కోసి కొట్టే షాట్లు రెండు చేతులకీ ఒకేలా పడవు.

డబుల్స్‌లో ఇంకా మజా. పక్కపక్కన నిలబడినప్పుడు కుడిచేతి మనిషి ఎడమవైపు, ఎడంచేతి మనిషి కుడివైపు ఉంటే ఇద్దరి ఫోర్‌హ్యాండ్లూ మధ్యలోకే వస్తాయి. ఇక మధ్యలో పడిన కాక్ ఎవరు తీయాలన్నదే తగాదా.