అశోకవనములో వినిపించిన స్వరము

జమ్మలమడుగులో పెన్నానది గట్టున, నారాపుర వేంకటేశ్వరస్వామి ఆలయసమీపమున, కొన్ని సంవత్సరముల క్రితము నేను చేసిన ఒక అపరాధమును గురించి వ్రాయుచున్నాను.

నా పూర్వశిష్యుడొకడు ఒక సాయంకాలము నా వద్దకు వచ్చినాడు. నల్లరేగడిలో వేసిన శనగపంట వరుసగా రెండేండ్లు చేతికి రాలేదు. అప్పు మాత్రము పెరిగినది. చాలాసేపు మౌనముగా కూర్చుండి, “అయ్యవారూ, నాకింక బతకబుద్ధి గాలేదు” అన్నాడు. నేను తక్షణమే ఈశావాస్యోపనిషత్తులోని మూడవ మంత్రమును పఠించి, ఆత్మహంతలు అంధకారలోకములకు పోవుదురని హెచ్చరించితిని. పిమ్మట ఆత్మ అమరమని గీతా ద్వితీయాధ్యాయము నుండి అరగంటసేపు వ్యాఖ్యానించితిని. అతడు నమస్కరించి వెళ్ళినాడు. నా ఉపదేశము ఫలించినదని నేను సంతృప్తితో నిద్రించితిని.

మూడవనాడు అతడు ప్రొద్దుటూరులో ఆసుపత్రి పాలైనాడని తెలిసినది. దైవానుగ్రహమున బ్రతికినాడు. చూడబోయిన నాతో, కోపము లేకుండనే, “మీరు చెప్పిందంతా నేను ఇన్నా అయ్యవారూ. నేను చెప్పేది మీరు ఇన్లేదు” అన్నాడు.

ఇంటికి వచ్చి శాంకరభాష్యమును తీసితిని. ఆ మంత్రమునందలి ఆత్మహంతలు ప్రాణత్యాగము చేసికొనువారని భగవత్పాదులు చెప్పలేదు. అజరామరమైన ఆత్మ ఉన్నను దానిని ఎరుగని అవిద్వాంసులే ఆత్మహంతలని వ్యాఖ్యానించినారు. అనగా ఆ మంత్రము చెప్పుచున్నది నావంటివారిని గురించియే. దానిని నేను దుఃఖితుని మీద రాయివలె విసిరితిని.

తరువాత కుమారుని వద్ద హైదరాబాదులో ఉన్న రోజులలో ఒక సహాయవాణిలో స్వచ్ఛందసేవకుడనైతిని. సంక్షోభములో ఉన్నవారి మాటను ఫోనులో వినుటయే అచ్చటి సేవ. 1953లో లండనులో చాడ్ వారా అను క్రైస్తవ పురోహితుడు సమారిటన్స్ పేర దీనికి బీజము వేసినాడు. చెన్నైలో 1986లో డాక్టరు లక్ష్మీ విజయకుమార్ స్నేహ సంస్థను స్థాపించినారు. సికింద్రాబాదులో రోష్నీ 1997 నుండి ఈ పని చేయుచున్నది. శిక్షణలో ఒకరు బాధితుని పాత్ర ధరింపగా నేను వినవలెను. రెండు నిమిషములకే ఆపి, “అయ్యా, మరల ప్రవచనము మొదలుపెట్టినారు” అన్నారు. నవ్వు వచ్చినది, సిగ్గును కలిగినది. చనిపోవలెనను తలంపు కలుగుచున్నదా అని సూటిగా అడుగవలెనని నేర్పినారు. అడిగినచో లేని తలంపు పుట్టునని నాకు భయముండెడిది, అది అపోహయట. అడిగినప్పుడే అవతలివారు దాచుకొన్నది బయటపెట్టుదురు. అచ్చట విన్న మాటలను ఎవరికిని చెప్పరాదు గనుక ఇచ్చటను చెప్పను.

ఆ దినములలో నిత్యపారాయణము చేయు సుందరకాండ నాకు వేరుగా కనబడసాగినది. సీతమ్మ కానరాక హనుమంతుడే మొదట ప్రాణత్యాగమును తలచినాడు. బ్రతికియున్నవానికే శుభము లభించునని తనకు తాను చెప్పుకొని నిలిచినాడు. పిదప అశోకవనములో, ఈ రాత్రి గడచులోపల ఓదార్పు దొరకనిచో ఆ తల్లి జీవితమును విడుచునని గ్రహించినాడు. అయినను చెట్టు మీదినుండి దిగి ముందుకు దుమికినాడా? లేదు. ఏ భాషలో పలుకవలెనని ఆలోచించినాడు. సంస్కృతములో మాటలాడినచో రావణుడనుకొని భయపడునని, సామాన్యులు మాటలాడు భాషను ఎంచుకొన్నాడు. రూపము కనబడక ముందు స్వరమే ఆమెను చేరినది. ధర్మోపదేశము చేయలేదు, ఆమెకు ప్రియమైన రామకథను మృదువుగా చెప్పినాడు. ఆమె వెంటనే నమ్మలేదు, స్వప్నమనుకొన్నది, తరువాత రావణుడేమోనని సందేహించినది. హనుమంతుడు నొచ్చుకొనలేదు. సహాయవాణిలో కూర్చుండువారికి ఇంతకంటె పాఠ్యగ్రంథము నాకు తెలియదు.

గీత మాట కూడ చెప్పవలెను. ప్రథమాధ్యాయములో శ్రీకృష్ణుడు పలికినది కూడిన కౌరవులను చూడుమను ఒక్క చిన్న వాక్యమే. అర్జునుడు విలపించుచుండగా మధ్యలో అడ్డుపడలేదు. ద్వితీయములో మొదట మందలించిన రెండు శ్లోకములు కూడ ఫలింపలేదు. యుద్ధము చేయనని పార్థుడు మరల చెప్పినాడు. ఉపదేశము పదునొకండవ శ్లోకము నుండి. నేను తిన్నగా అచ్చటనే ప్రారంభించితిని.

ఇప్పుడు కేంద్రప్రభుత్వపు టెలీమానస్ ఉన్నది. 2022 అక్టోబరు 10న ఆరంభమైనది. 14416కు అహోరాత్రములు ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును. అచ్చట వేతనము గల శిక్షితులుందురు, స్వచ్ఛందసేవకులు వేరు. ఆపద అతిసమీపమున ఉన్నదని తోచినచో ఫోనుతో ఆగక, వారిని ఒంటరిగా విడువక, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పోలీసు కేసగునని వెనుదీయువారు కలరు. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము అట్టివారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించుమన్నది, శిక్షింపక ఆదరించుమన్నది.

ఊరికి తిరిగివచ్చి మా భజనమందిరపు గోడపై ఆ సంఖ్యను వ్రాయించితిని. దైవసన్నిధిలో ఇది అమంగళమని ఒక పెద్దాయన ఆక్షేపించినారు. వాదింపలేదు, ఆయన మాట పూర్తిగా వింటిని. చివరకు తన తమ్ముని మాట ఎత్తి కన్నీరు పెట్టుకొన్నారు. గోడపై సంఖ్య ఉండనిచ్చినారు. శ్రీరామనవమికి వేసిన సున్నములో అది కప్పబడిపోయినది. ఈ శనివారము మరల వ్రాయుదునని నా శిష్యుడు రంగు డబ్బా తెచ్చి పెట్టినాడు.