‘ఖాళీ హై క్యా భాయ్?’... నా మొదటి ఉద్యోగం

నా రెజ్యూమేలో లేని ఉద్యోగం ఒకటుంది. లింక్డిన్‌లోనూ పెట్టలేదు. పెడితే హెచ్‌ఆర్ వాళ్లు నవ్వుతారేమోనని కాదు, దానికి ఏం పేరు పెట్టాలో తెలీక. జహీరాబాద్‌లో అందరూ నన్ను ‘టు-లెట్ పోరడు’ అనేవాళ్లు. అదే నా డిజిగ్నేషన్.

2017 ఎండాకాలం. బీటెక్ రెండో ఏడాది పరీక్షలు అయిపోయాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు, కాలేజీలో క్లర్క్ మొహం చూడాలంటేనే భయం. పైగా నాకు సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనుక్కోవాలని ఉంది. అప్పుడే మా ఊళ్లో ఎలక్ట్రికల్ షాపు నడిపే ఒకాయన, అందరూ సేఠ్ అంటారు, హైవేకి దగ్గర్లో కొత్తగా 16 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ కట్టారు. అద్దెకు ఇప్పించి పెట్టేవాడు కావాలన్నారు. నెలకు 4 వేలు, ఫ్లాట్ నిండితే పైన ఇంకో 500. ఎక్కువ ఆలోచించలేదు.

జహీరాబాద్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే దారిలో, సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కాస్త ముందుకెళ్తే కర్ణాటక. బీదర్ పక్కనే. మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది, చుట్టూ చెరకు ఉంది. అందుకే నా ఫోన్ ఎత్తితే ఏ భాష వస్తుందో చెప్పలేం. ‘ఖాళీ హై క్యా భాయ్?’ అని ఒకరు, ‘మనె ఖాలి ఇదెయా?’ అని ఇంకొకరు, ‘ఘర్ భాడ్యానె ఆహె కా?’ అని మరొకరు. అన్నింటికీ నా దగ్గర ఒకటే జవాబు, తెలుగు ప్లస్ దక్కనీ కలిపి కొట్టిన చాయ్ లాంటిది. పని జరిగేది.

సేఠ్ మొదటి రోజే రూల్స్ చెప్పారు. ఫ్యామిలీలకే ఇవ్వాలి. బ్యాచిలర్లు వస్తే ఒక్కో తలకీ రేటు. సాలరీ స్లిప్ చూడాలి. రెండు నెలల అడ్వాన్స్, అదీ క్యాష్. నోట్ల రద్దు జరిగి ఆరు నెలలైంది, షాపు కౌంటర్ మీద పేటీఎం స్టిక్కర్ కూడా ఉంది, అయినా అద్దె మాత్రం క్యాషే. ఇంకో రూల్ గొంతు తగ్గించి చెప్పారు. ‘‘పేరు అడుగు. మనోళ్లు కాదనుకో, అయిపోయిందని చెప్పు.’’

తలుపు తెరిస్తే సున్నం వాసన కొడుతున్న ఖాళీ ఫ్లాట్‌లో నిలబడి అయిపోయిందని ఎలా చెప్తాం? నాలుగో రోజు ఒక ఫోన్ వచ్చింది. గవర్నమెంట్ స్కూల్లో టీచర్ అట, భార్యా ఇద్దరు పిల్లలు. పేరు చెప్పగానే సేఠ్ చెయ్యి ఊపారు, వద్దని. ‘‘సేఠ్, నాతోని కాదు. మీరే చెప్పుండ్రి’’ అని ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. ఆయన గొంతు సవరించుకుని ‘‘హలో’’ అన్నారో లేదో, అవతలి మనిషి గుర్తుపట్టేశాడు. ‘‘అరే సేఠ్ సాబ్, మీ బిల్డింగా! పోయిన నెలనే కదా మీ దగ్గర కూలర్ కొన్నా!’’ ఇంకేముంది. సేఠ్ నా వంక చూశారు, ఫ్యాన్ వంక చూశారు, ‘‘ఆ... రాండ్రి, చూసుకోండ్రి’’ అన్నారు. షాపులో సగం బేరం వాళ్లదే మరి. 203 అలా నిండింది. ఆ రూల్ మళ్లీ నాకెప్పుడూ చెప్పలేదు. రద్దు చేశానని కూడా చెప్పలేదనుకోండి.

బ్యాచిలర్ల సంగతి తొందరగా అయిపోయింది. ఫ్యాక్టరీలో ట్రైనీలు నలుగురేసి వచ్చారు, ఫ్లాట్ సరిగ్గా చూడకుండానే ‘‘సిగ్నల్ వస్తదా అన్నా?’’ అని అడిగి, జియో చెక్ చేసుకుని, ఓకే అన్నారు.

మే చివర్లో ఒక పెద్దాయన వచ్చారు. తెల్ల ధోతి, భుజం మీద తువ్వాల, చేతిలో ప్లాస్టిక్ కవర్లో పాస్‌బుక్కులు. ఝరాసంగం వైపు ఊరు. అక్కడా, న్యాల్‌కల్ మండలంలోనూ నిమ్జ్ అని పెద్ద పారిశ్రామిక మండలి కోసం 12 వేలకు పైగా ఎకరాలు సేకరించాలని అనుకున్నారు కదా, అందులో ఈయన భూమి కూడా పోయింది. కొడుకు ఫ్యాక్టరీలో కాంట్రాక్ట్ పని. మనవరాలిని ఇక్కడ స్కూల్లో వేయాలి. అందుకని ఇల్లు.

ఫ్లాట్ అంతా తిరిగి చూశారు. బాత్రూంలో నల్లా తిప్పారు. బాల్కనీలో నిలబడి కిందికి చూశారు. ‘‘బిడ్డా, జొన్న సంచులు యాడ పెట్టాలె?’’ అన్నారు. నాకు అర్థం కాలేదు. ఇంకా రెండెకరాలేవో మిగిలాయట, పంట వస్తే ఇంట్లోనే పెట్టుకోవడం అలవాటు. డబుల్ బెడ్‌రూం ప్లాన్‌లో హాలు, కిచెన్, పూజ గది, వాష్ ఏరియా అన్నీ గీస్తారు. జొన్నలకు గది గీసిన ఆర్కిటెక్ట్‌ని నేనింతవరకు చూళ్లేదు.

సేఠ్ ‘‘సాలరీ స్లిప్?’’ అన్నారు. పెద్దాయన పాస్‌బుక్ తీసి చూపించారు. నష్టపరిహారం డబ్బులు. ‘‘పదకొండు నెలల కిరాయి ఒక్కసారే ఇస్త, తీస్కో’’ అన్నారు. నెలకు 5,500 చొప్పున 60,500. సేఠ్ కళ్లు మెరిశాయి. నేను పెద్దాయన్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్లి చెప్పాను, ‘‘తాతా, అట్ల ఇయ్యకు. మధ్యల ఖాళీ చేయాల్సొస్తే పైసలు తిరిగి రావుడు కష్టం. భూమి పైసలు అవి.’’ నేను ఎవరి దగ్గర జీతం తీసుకుంటున్నానో నాకు గుర్తుంది. కానీ ఆయన డబ్బులు మిగిలితే సేఠ్‌కి పోయేదేమీ లేదు, ఎలాగూ నెల నెలా వస్తాయి. చివరికి కొడుకు పే స్లిప్ మీద, రెండు నెలల అడ్వాన్స్‌తో ఒప్పందం కుదిరింది.

ఈ పదకొండు నెలల లెక్క ఏంటని చాలామంది అడుగుతుంటారు. మన రూమ్ అగ్రిమెంట్లన్నీ అంతే కదా. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజు తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి ఒక నెల తగ్గించి రాసుకుంటారు. దేశం మొత్తం ఈ ఒక్క నెల మీద నడుస్తోంది. ఇక అడ్వాన్స్ విషయానికొస్తే, 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి తీసుకోకూడదని ఉంది. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ కట్టిన మా ఫ్రెండ్స్‌కి ఈ వాక్యం చదివితే కడుపు మండుతుంది.

అగ్రిమెంట్ టైప్ చేయించడానికి పెద్దాయన్ని, కొడుకుని తీసుకుని వెళ్లాను. టైపిస్ట్ దగ్గర పాత ఫార్మాట్, అందులో ఇంకా ‘మెదక్ జిల్లా’ అనే ఉంది. 2016 దసరాకే మేం సంగారెడ్డి జిల్లా అయిపోయాం. అది మార్పించాను. కిరాయిదారు పేరు దగ్గర కొడుకు పేరు పడింది. పెద్దాయన కాగితం వంక చాలాసేపు చూశారు. ‘‘ఇల్లు కాయిదం మీద నా పేరు లేకుంట ఇదే మొదటిసారి’’ అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. కొడుకు తల దించుకున్నాడు. ఇద్దరు కిరాయిదార్లు ఉండొచ్చా అని టైపిస్ట్‌ని అడిగాను. ‘‘పది మంది ఉండొచ్చు, లైన్ కి ఇంకో ఇరవై’’ అన్నాడు. మొదట తండ్రి పేరు, తర్వాత కొడుకు పేరు. వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద పెద్దాయన ఒక్కో అక్షరం ఆగి ఆగి సంతకం చేశారు.

తాళాలు ఇచ్చే ముందు నేనొక పని చేసేవాణ్ని. సేఠ్ చెప్పింది కాదు. ఫ్లాట్ మొత్తం ఫోన్‌లో ఫొటోలు తీసేవాణ్ని. గోడలు, టైల్స్, సింకు, స్విచ్ బోర్డులు. ఫ్లాట్‌కి ముప్పై దాకా. ఓనర్‌కీ, కిరాయికొచ్చినవాళ్లకీ వాట్సాప్ చేసేవాణ్ని. కొత్త బిల్డింగ్ కదా, అక్కడక్కడ మేస్త్రీ చేసిన అవకరాలు ఉన్నాయి, రేపు ఎవరి మీద పడతాయో అని. సేఠ్ విసుక్కునేవారు, ‘‘నా ఫోన్ నిండిపోతుంది రా.’’

జూన్ రెండో వారానికి 14 ఫ్లాట్లు నిండాయి. లాప్‌టాప్ వచ్చింది. దాని బ్యాటరీ గంటన్నర కూడా వచ్చేది కాదు, అది వేరే కథ.

తర్వాతి ఎండాకాలం ఇంటికి వచ్చేసరికి పెద్దాయన వాళ్లు ఖాళీ చేస్తున్నారని తెలిసింది. మూడో అంతస్తు ఎక్కలేకపోతున్నారు, లిఫ్ట్ కరెంటుంటేనే. బీదర్ రోడ్డు వైపు వాకిలి ఉన్న పాత ఇల్లు దొరికింది. అడ్వాన్స్ 11 వేలలో సేఠ్ 7 వేలు పట్టుకుంటానన్నారట. పెయింటింగ్‌కి 4, బాల్కనీలో పగిలిన టైల్స్‌కి 3. పెద్దాయన కొడుకు నాకు ఫోన్ చేశాడు. నేను వాట్సాప్‌లో ఏడాది వెనక్కి స్క్రోల్ చేశాను. దొరికింది. బాల్కనీ మూల, అదే టైల్, అదే పగులు, పక్కన నా చెప్పు కూడా కనిపిస్తోంది.

షాపుకి వెళ్లి ఫొటో చూపించాను. సేఠ్ కళ్లద్దాలు పెట్టుకుని జూమ్ చేసి, ‘‘నువ్వు ఇంజినీర్ వి కాదురా, వకీల్ వి’’ అన్నారు. టైల్స్ మాట పోయింది. పెయింటింగ్ 2 వేల దగ్గర తెగింది. 9 వేలు లెక్కపెట్టి ఇచ్చారు. చాయ్ కూడా తెప్పించారు. నాకు ఆయన మీద కోపం లేదు. బ్యాంక్ లోన్ తో కట్టిన బిల్డింగ్, నెలకు రెండు ఫ్లాట్లు ఖాళీగా ఉన్నా ఆయనకు నిద్ర పట్టదని నాకు తెలుసు.

2024 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ కూడా ఉంది. అప్పట్నుంచి ఊళ్లో ఎవరు ఫోన్ చేసినా ప్లాట్ల రేట్ల ముచ్చటే.

నేనిప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. నాలుగు ఇళ్లు మారాను. పెళ్లయిందా, నాన్‌వెజ్ తింటారా, ఏమిట్లు, అన్ని ప్రశ్నలకూ అవతలి వైపు నుంచి జవాబులు చెప్పాను. పోయిన నెల కొండాపూర్‌లో కొత్త ఫ్లాట్‌లోకి దిగినప్పుడు, బ్యాగులు గుమ్మం బయటే పెట్టి, ఫోన్ తీసి గోడలన్నీ వీడియో తీస్తున్నాను. ఓనర్ ఆంటీ కాసేపు చూసి అడిగారు, ‘‘ఏం బాబూ, యూట్యూబ్ ఛానలా?’’