బండి మారిన కొద్దీ చిన్నదై

ఊటీ వైపు వెళ్తున్నానని బెంగళూరులో ఎవరితోనైనా అనండి. మైసూరు, బండిపూర్ అడవి, మలుపుల ఘాట్ రోడ్డు, మధ్యలో టిఫిను ఎక్కడ తినాలో కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. రైల్లో వెళ్తానంటే మాత్రం ఎగాదిగా చూస్తారు. "తిన్నగా బస్సుండగా మూడు బళ్లు మారడమేంటండీ?" అని మా ఆఫీసులో ఒకాయన జాలిపడ్డారు కూడా. విశాఖలో పెరిగి, కిరండూల్ పాసింజరెక్కి అరకు వెళ్లొచ్చిన వాణ్ణి. కొండెక్కే రైలుందంటే కాలు నిలవదు. పైగా నేను వెళ్లేది ఊటీకి కాదు, దానికి రెండు స్టేషన్ల ముందుండే కేత్తికి. ఆ లోయని దక్షిణాది స్విట్జర్లాండ్ అంటారు. వీసా అక్కర్లేని స్విట్జర్లాండ్‌ని వదులుకోవడం ఎందుకు?

మొదటి బండి కోయంబత్తూరు వెళ్లే ఉదయ్ ఎక్స్‌ప్రెస్. మధ్యాహ్నం రెండు దాటాక బెంగళూరులో బయల్దేరే డబుల్ డెక్కర్. పై అంతస్తులో కూర్చుంటే స్టేషన్లలో జనం నడినెత్తులు కనిపిస్తాయి. కర్ణాటక దాటి తమిళనాడులోకి వెళ్లే ముందు కాసేపు మన రాష్ట్రం తగులుతుంది. కుప్పంలో తెలుగు అక్షరాల బోర్డు చూడగానే, పక్కనున్న కన్నడ కుర్రాడికి అదేదో మా సొంత స్థలమన్నట్టు చూపించాను. అతను మర్యాదగా తలూపి మళ్లీ ఫోన్లో పడ్డాడు.

రాత్రి తొమ్మిది ప్రాంతంలో కోయంబత్తూరు. రెండో బండి తెల్లవారుజామున కాబట్టి ఆ రాత్రి అక్కడే. స్విట్జర్లాండ్‌లో ఒక రైలు దిగి, నాలుగు నిమిషాల్లో ఇంకోటి ఎక్కుతారట. ఇక్కడ ఆ నాలుగు నిమిషాల చోట ఒక భోజనం, ఒక నిద్ర ఉన్నాయి. స్టేషనెదుటి మెస్సులో వచ్చీరాని తమిళంలో రెండు దోసెలు చెప్పబోయాను. గల్లాపెట్టె దగ్గర పెద్దాయన నవ్వి తెలుగులో మాట్లాడారు! వాళ్లు కమ్మవారు, తరతరాలుగా ఇక్కడే ఉంటున్నారు. ఇంట్లో తెలుగే, రాయడం చదవడం మాత్రం తమిళంలో. ఆయన మాట నాకు సగం పాతగా, సగం తమిళంగా వినిపించింది. నాది ఆయనకి "సినిమా తెలుగు"లా ఉందట. బిల్లులో దోసెలు రెండే ఉన్నాయి, కాఫీ ఆయన లెక్కలో కలపలేదు.

ఐదింటికి చెన్నై నుంచి నీలగిరి ఎక్స్‌ప్రెస్ వస్తుంది. జనరల్ టికెట్టుతో ఎక్కితే గంటలో మేట్టుపాళయం. కొండ రైలు బయల్దేరేది ఏడూ పదికి. మధ్యలో ఇడ్లీకి, కాఫీకి సరిపడా టైముంది. అవతలి ప్లాట్‌ఫారమ్ మీద నీలం, మీగడ రంగుల బుల్లి పెట్టెలు నాలుగు నిలబడి ఉన్నాయి. ఇంజిను చూద్దామని ముందుకి నడిచాను. అక్కడ ఏమీ లేదు, ఖాళీ పట్టాలు! "వెనక చూడండి సార్" అన్నాడు పచ్చజెండా పట్టుకున్నాయన. నిజంగానే ఇంజిను వెనకుంది. ఈ బండిని లాగరు, కొండ మీదికి నెడతారు. ప్రతి పెట్టె ముందూ ఒక బ్రేకు మనిషి నిలబడి జెండాతో వెనకవాళ్లకి సైగ చేస్తాడు.

కల్లార్ దాటాక అసలు తమాషా మొదలు. రెండు పట్టాల మధ్య పళ్లున్న ఇనప కమ్ములు జంటగా పరిచి ఉంటాయి. ఒక కమ్మి పన్ను ఉన్నచోట రెండోదానికి సందు వస్తుంది. అందువల్ల ఇంజిను కింది పళ్లచక్రానికి పట్టు ఎప్పుడూ జారదు. ఇది ఆప్ట్ అనే స్విస్ ఇంజినీరు పద్ధతి. పన్నెండడుగులు ముందుకెళ్తే దాదాపు అడుగు పైకెక్కేటంత వాలు ఇది మరి. మన అరకు లైను శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకి మామూలు పట్టాల మీదే ఎక్కుతుంది. ఇది 326 మీటర్ల దగ్గర మొదలై 2,203కి చేరాలి. దేశంలో పళ్లపట్టాల రైలు ఇదొక్కటే. 1854లో అనుకున్న లైను కూనూరు దాకా వచ్చేసరికి 1899 అయింది. ఊటీకి చేరింది 1908లో. పాత ఎక్స్ క్లాసు ఇంజిన్లని స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో చేశారు, తర్వాతవి తిరుచ్చి గోల్డెన్‌రాక్ వర్క్‌షాపులో పుట్టాయి. 2005 నుంచి ఇది యునెస్కో వారసత్వ సంపద.

హిల్‌గ్రోవ్‌లో ఇంజిను నీళ్లు తాగుతుంది, మనం టీ తాగుతాం, కోతులు మన చేతిలోది తింటాయి. నడిచి వెళ్లినా పెద్ద తేడా ఉండదేమో అనిపించే వేగంలో సొరంగాలు, వంతెనలు ఒకటొకటిగా వస్తాయి. చీకటి పడ్డప్పుడల్లా పిల్లలు కేకలు పెడతారు. మూడో సొరంగం నుంచి పెద్దవాళ్లూ కలిశారు, నేనూ కలిశాను.

కూనూరులో ఆవిరి ఇంజిను విప్పి డీజిల్ తగిలిస్తారు. ఆ సందులో వర్కి తినండి. పొరలు పొరలుగా, కరకరలాడుతూ ఉంటుంది, టీలో ముంచాలి. బయల్దేరిన బండి ముందు కాస్త వెనక్కి నడిచేసరికి నాకు గుండె గుభేలుమంది, మళ్లీ కిందికి తీసుకెళ్తున్నారేమోనని! అక్కడ పట్టాల అమరికే అంత. ఎదుటి సీట్లో తెల్లబట్ట కప్పుకున్న, ఈ కొండల్లోనే ఉండే బడగల అవ్వ నన్ను చూసి పకపకా నవ్వింది. ఆవిడ భాష కన్నడానికి దగ్గర. బెంగళూరులో ఆటోవాళ్లతో నేర్చుకున్న నా కన్నడం మొదటిసారి ఆటో బయట పనికొచ్చింది. ఆవిడదీ కేత్తే.

స్టేషన్లో ఇద్దరం దిగాం. వసంత కోకిల సినిమా చివర కమల్‌హాసన్ శ్రీదేవి కోసం తల్లడిల్లేది ఈ ప్లాట్‌ఫారమ్ మీదే. కాసేపు నిలబడి చూసి, "ఊరెక్కడ?" అని అడిగాను. అవ్వ చేత్తో లోయంతా చుట్టి చూపించింది. మన పల్లెల్లో ఒక గుడి, ఒక రచ్చబండ, వాటి చుట్టూ ఇళ్లు. ఇక్కడ ఊరంటే కొండవాలుల మీద దూరదూరంగా ఉన్న గుంపులు. వాటి మధ్య క్యారెట్ మళ్లు, టీ తోటలు. ఏ మెట్లు దిగినా ఊళ్లో ఉన్నట్టే, ఎంత నడిచినా ఊరు చేరనట్టే. సాయంత్రం దాకా అలాగే తిరిగాను. దారి అడిగిన ప్రతిచోటా ముందు టీ, తర్వాత దారి.

మీరు వెళ్తే కొండ రైలు సీటు రిజర్వేషన్ తెరిచిన రోజే పట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి కొండచరియలు పడి బళ్లు రద్దవుతుంటాయి, చూసుకోండి. స్వెట్టరు మర్చిపోవద్దు. అన్నిటికంటే ముఖ్యం, బండికీ బండికీ మధ్య టైము మిగుల్చుకోవాలని చూడకండి. నాకు తెలుగు పెద్దాయన, ఇడ్లీ, వర్కి దొరికింది అక్కడే. మా ఆఫీసాయన బస్సులో నాకంటే ఎన్నో గంటల ముందు చేరి ఉండేవారు. కానీ కొండని పళ్లతో పట్టుకుని ఎక్కడమంటే ఏమిటో ఆయనకి నేనే చెప్పాల్సి వచ్చింది.