నాన్నకి పద్యం వినపడాలని

ఇది పంట కబురు కాదు, ఏమనుకోకండి. నాన్నకి చెవులు మందగించాయి. టీవీలో ఘంటసాల పద్యం పెడితే మాట తెలియట్లేదంటాడు. అందుకే సెట్‌టాప్ బాక్సుని పాత స్టీరియోకి కలిపా. మధ్యలో డిజిటల్‌ని మామూలు శబ్దంగా మార్చే డ్యాక్ డబ్బా ఒకటి.

మొదట కోయాక్సియల్ వైరు వేశా. పద్యం వచ్చింది, వెనకాలే గుయ్‌మని మోత. మన ఇళ్లల్లో ఎర్తింగు సంగతి మీకు చెప్పాలా! రాగి వైరు గుండా ఆ రొద కూడా వచ్చేస్తుంది. ఆప్టికల్ వైరులో పోయేది ఎర్ర వెలుగు, కరెంటు కాదు. అది మార్చగానే మోత ఆగింది. పద్యమూ ఆగింది! గంట కుస్తీ పట్టాక తెలిసింది, సెట్టింగుల్లో డాల్బీ తీసి పీసీఎం పెట్టాలని. ఆ వైరుని మాత్రం డ్రిప్పు పైపు కొస మడిచినట్టు మడవకండి, లోపల విరుగుద్ది.

రాత్రి నాన్న పద్యంతో గొంతు కలిపాడు. రెండేళ్లయింది ఆ గొంతు విని.