కుట్టు ఇంట్లోనే ఉంది... లెక్క నేర్చుకున్నా!

‘ఏం చేస్తున్నావ్?’ అని ఎవరైనా అడిగితే ఇప్పుడు ‘బిజినెస్’ అంటున్నా. షాపు లేదు, బోర్డు లేదు. తెనాలి పక్కన మా ఊళ్లో, మేం అద్దెకుండే ఇంటి ముందు గదిలో రెండు మిషన్లు, ఒక కటింగ్ టేబుల్, నా ఫోన్. ఇంతే! ఆ గదిలో కుట్టే జాకెట్లతోనే ఇల్లు గడుస్తోంది, తమ్ముడి పాలిటెక్నిక్ చదువూ సాగుతోంది.

మా అమ్మ 22 ఏళ్లు కాలితో మిషన్ తొక్కింది. నాన్న పోయాక ఇల్లు నడిపింది ఆ మిషనే. రెండేళ్ల కిందట డాక్టర్ ‘మోకాళ్లు అరిగిపోయాయి, ఇక తొక్కొద్దమ్మా’ అన్నారు. అప్పుడు నేను తెనాలిలో బట్టల షోరూమ్‌లో సేల్స్‌లో ఉన్నా. జీతం 13 వేలు. అది అద్దెకి, తిండికి, మందులకి సరిపోతుంది. తమ్ముడి ఫీజు మాత్రం అమ్మ కుట్టుతోనే కట్టేవాళ్లం. అందుకే ఉద్యోగం మానేసి మిషన్ ముందు కూర్చోవాలా అని రాత్రుళ్లు తెగ ఆలోచించాను.

కుట్టు నాకు కొత్త కాదు. ఆరో తరగతిలోనే అమ్మకి హుక్కులు, కాజాలు కుట్టిపెట్టేదాన్ని. పదో తరగతికి లైనింగ్ జాకెట్టు సొంతంగా కుట్టాను. షోరూమ్‌లో నాలుగేళ్లు చేశాక బట్ట ముట్టుకుంటే చాలు, ఏది పీలుతుందో, ఏది సాగుతుందో తెలిసిపోయేది. పని చేతిలో ఉంది. దాన్ని వ్యాపారంగా ఎలా నడపాలో చెప్పేవాళ్లే కావాలి.

ఆ సార్ అడిగిన ప్రశ్న

బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉంటాయి. ఆర్‌సెటీ అంటారు. పల్లెల్లోని యువతకి శిక్షణ ఉచితం, భోజనం, వసతి కూడా అక్కడే. దాదాపు నెల రోజుల టైలరింగ్ కోర్సుకి వెళ్లాను. కొత్త డిజైన్లు నేర్చుకోవచ్చని వెళ్తే, అంతకంటే ఎక్కువగా పనికొచ్చింది వ్యాపారం క్లాసు.

ఆ రోజు సార్ ‘ఒక లైనింగ్ జాకెట్టుకి మీకెంత ఖర్చవుతుంది?’ అని అడిగారు. అందరం లైనింగు, దారం, హుక్కులు అన్నాం. ‘మరి మీ టైమో?’ అన్నారు. క్లాసంతా సైలెంట్!

బోర్డు మీద రాయించారు. లైనింగ్ 60 రూపాయలు. దారం, హుక్కులు 15. కరెంటు 5. కుట్టడానికి రెండున్నర గంటలు, గంటకి 80 చొప్పున 200. మిషన్ సర్వీసింగ్‌కి, ఆల్టరేషన్లకి పక్కన పెట్టేది 20. మొత్తం 300. ‘ఈ 300కే ఇస్తే మీకొచ్చింది కూలి మాత్రమే. వ్యాపారానికి లాభం వేరుగా ఉండాలి’ అన్నారు. అలా నా రేటు 350 అయింది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒప్పుకోలేదు. ‘ఎదురింటి వదిన దగ్గర, మీ పిన్ని దగ్గర అంతంత ఎలా అడుగుతామే? రేపు మొహాలు చూసుకోవాలి కదా!’ అంది. ఆమె బాధ నాకర్థమైంది. ఊళ్లో మిషన్ ఉన్న ఇంటికి ‘కాస్త ఈ ఫాల్ వేసిపెట్టు’ అంటూ రోజూ ఎవరో ఒకరు వస్తారు. నేను రేట్లు కాగితం మీద రాసి గోడకి అంటించాను. అందరికీ ఒకటే రేటు. వదిన చదివి, నవ్వి, డబ్బులిచ్చి వెళ్లింది. పిన్ని మాత్రం అప్పట్నుంచీ వేరే చోట కుట్టించుకుంటోంది. పలకరింపులు ఉన్నాయిగానీ మునుపటంత చనువు లేదు. ఆ మేరకు నష్టమే.

‘మనిషిని కొలువు’

మా ఊళ్లో లేడీస్ టైలర్ షాపులో కటింగ్ మాస్టర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. వారానికి రెండు సాయంత్రాలు నేర్పమని అడిగితే సరేనన్నారు. ‘ఆది జాకెట్టు చూసి కుడితే, దాంట్లో ఉన్న లోపం కూడా కొత్తదాంట్లోకి వస్తుంది. మనిషిని కొలువమ్మాయ్’ అన్నారు. భుజం, చంక, మెడ లోతు... మొత్తం కొలతలు ఎలా తీయాలో, లైనింగ్ గుడ్డ నానబెట్టి ఆరేశాకే ఎందుకు కత్తిరించాలో చూపించారు. నానబెట్టకపోతే మొదటి ఉతుకులోనే కాటన్ లైనింగ్ కుంచించుకుపోయి జాకెట్టు లాగేస్తుంది.

ఇప్పుడు ప్రతి కస్టమర్ కొలతలూ నోట్‌బుక్‌లో పేరుతో సహా ఉన్నాయి. అందుకే హైదరాబాద్ వెళ్లిపోయిన మా ఊరి అమ్మాయిలు కూడా బట్ట పార్సిల్ పంపుతున్నారు. డిజైన్ వాట్సాప్‌లో, డబ్బు యూపీఐలో, జాకెట్టు ఆర్టీసీ కార్గోలో!

మొదటి మూడు నెలలు ఖర్చులు పోను 6 వేలు, 7 వేలు, 9 వేలు... షోరూమ్ జీతం గుర్తొచ్చేది. ఇప్పుడు 22 నుంచి 28 వేల వరకు మిగులుతున్నాయి. ఆషాఢంలో ముహూర్తాలుండవు, పని పడిపోతుంది. అందుకే స్కూళ్లు తెరిచే జూన్‌లో యూనిఫాంలు ఒప్పుకుంటా. శ్రావణంలో మాత్రం రోజుకి నాలుగు జాకెట్లకి మించి తీసుకోను. సగం డబ్బు అడ్వాన్స్.

అమ్మ పేరు మీద కార్డు

2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. అందులోని 18 చేతివృత్తుల్లో దర్జీ పని ఒకటి. ఇంటికి ఒక్కరికే అవకాశం. అమ్మ పేరుతో కామన్ సర్వీస్ సెంటర్‌లో అప్లై చేశాం. శిక్షణ రోజుల్లో రోజుకి 500 స్టైపెండ్, పనిముట్లకి 15 వేల వరకు ఈ-వోచర్ ఇస్తారు. మొదటి విడతలో 5 శాతం వడ్డీకి లక్ష రూపాయల వరకు లోన్ తీసుకోవచ్చు. మేం లోన్ జోలికి ఇంకా వెళ్లలేదు.

సర్టిఫికెట్, ఐడీ కార్డు వచ్చిన రోజు అమ్మ వాటిని చాలాసేపు చూసుకుంది. 22 ఏళ్లు రేషన్ కార్డు దగ్గర్నుంచి నా స్కూల్ ఫారం దాకా ఆమె పేరు పక్కన ‘గృహిణి’ అనే రాశారు. ఆమె పని పేరు కాగితం మీదకెక్కడం అదే మొదటిసారి. ఇప్పుడు ఎత్తు స్టూల్ మీద కూర్చుని కటింగ్ చేస్తోంది. మోటార్ మిషన్ నాది. నెలాఖరుకి ఆమె కూలి ఆమె అకౌంట్‌లో వేస్తున్నా.

మీ ఇంట్లోనూ ఇలాంటి పని ఏదో ఒకటి ఉండే ఉంటుంది. పచ్చళ్లు, అల్లికలు, ట్యూషన్లు, మెహందీ... మొదలుపెట్టే ముందు ఇద్దర్ని వెతుక్కోండి. ఒకరు ఆ పనిలో మీకంటే ముదిరినవాళ్లు, ఇంకొకరు లెక్క తెలిసినవాళ్లు. తర్వాత పెన్ను తీసి, మొత్తం ఖర్చులో మీ టైమ్ విలువ ఎంతో రాసుకోండి. అమ్మ చేతి పని అయితే, అమ్మ టైమ్ కూడా రాయండి.